ఎత్తని ఫోను

ఆస్పత్రిలో రోగులు వైద్యం కోసం ఎంతకాలం ఎదురుచూస్తున్నారో గమనించి, ఆ ఎదురుచూపు తగ్గించడం ఆమె ఉద్యోగం. అక్కడ అందరికీ మేడమ్, ఇంట్లో మాత్రం బుజ్జి. ఆమె గదిలోని కంప్యూటరు తెర మీద, ఎదురుచూపు పెరిగి ఏ విభాగం ఎర్రబడితే ఆ విభాగం పెద్ద డాక్టరు గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి.

మధ్యాహ్నానికే తాళం పడే పరీక్షల గదిని సాయంత్రం దాకా నడిపించింది ఆమే. మూలపడ్డ యంత్రాన్ని వెంటపడి బాగుచేయించిందీ ఆమే. రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తని రోగిని వరసలోంచి తీసేయమన్నదీ ఆమే. రానివాళ్ల చోటు వచ్చేవాళ్లకి దక్కుతుందని ఆమె ఆశ. నిజంగానే దక్కింది. ఎంతోమంది త్వరగా బాగుపడి ఇళ్లకి వెళ్లారు. అదీ చెప్పుకోవాలి.

ఒకరోజు పరీక్షల గది ముందు బల్ల మీద అన్నయ్య కనిపించాడు. చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది.

"అన్నయ్యా! నువ్వేంటి ఇక్కడ?"

"ఏం లేదే. అన్నం సహించట్లేదు. కడుపులోకి గొట్టం వేసి చూస్తారట."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"నీ పేరు చెప్పుకుని ముందుకి దూరితే నీకు మాట రాదూ? అసలు వేసవిలోనే అయిపోవాల్సింది. ఫోన్ చేశారట. కోత మిల్లులో రంపం మోతకి నాకెక్కడ వినబడి చస్తుంది? పేరు కొట్టేశారు. మళ్లీ మొదట్నించీ రాయించుకున్నా. రూలట! ఎవడు పెట్టాడో గానీ, వాడు జన్మలో మిల్లు గడప తొక్కి ఉండడు."

నవ్వాడు.

పరీక్ష అయ్యాక డాక్టరు ఆమెను పక్కకి పిలిచాడు. "కడుపులో క్యాన్సర్. వేసవిలో దొరికుంటే కోసి తీసేసేవాళ్లం మేడమ్. ఇప్పుడు కాలేయానికి పాకేసింది."

ఆ మాట కడుపులో దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. వదిన కాఫీ తేవడానికి కిందికి దిగిన సమయం చూసి, వార్డులో అన్నయ్య మంచం పక్కన కూర్చుని డాక్టరు అన్నదీ, అసలు సంగతీ చెప్పేసింది.

"ఆ రూలు పెట్టింది నేనే."

అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మిల్లులో ఫోన్ వినబడదని నీకు తెలుసు కదే," అన్నాడు అటు తిరిగే.

తిట్టినా బాగుండేది. ఆమె మంచం పట్టీ మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి తల మీద అతని చెయ్యి పడింది.

"మీ వదినకి చెప్పకు. నేను పోయాక దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నీ మొహం కూడా చూడలేకపోతే ఎలా బతుకుతుంది?"

ఆ వారంలోనే ఆమె రూలు మార్పించింది. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి మనిషి వెళ్లాలి, రోగితో మాట్లాడకుండా పేరు తీయకూడదు. తెర మళ్లీ ఎర్రబడింది. పై అధికారి చిర్రుబుర్రులాడాడు. "ఎర్రబడనివ్వండి సార్," అంది.

మరుసటేడు వానలు మొదలవుతుండగా అన్నయ్య పోయాడు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఆడవాళ్లిద్దరే మిగిలారు. వదిన గోడకి జారగిలబడి అడిగింది.

"బుజ్జీ, ఆస్పత్రి సంగతులు నీకు తెలుసు. నిజం చెప్పు. ముందే చూపించుంటే ఆయన బతికేవారా?"



"లేదు వదినా. ఎప్పుడు చూపించినా ఇంతే అయ్యేది."

"ఒట్టు?"

"ఒట్టు."

వదిన పెద్దగా ఊపిరి వదిలింది. "ఫోన్ ఎత్తలేదని పేరు తీసేసినప్పుడు, వెళ్లి గట్టిగా అడగమని నేనైనా పోరాల్సింది. నేనే ఆయన్ని చంపుకున్నానని ఇన్నాళ్లూ కుమిలిపోతున్నానే. బతికించావు తల్లీ."

అలా అంటూ బుజ్జి ఒళ్లో తల పెట్టుకుని, చంటిపిల్లలా నిద్రపోయింది. బుజ్జి కదల్లేదు. ఏడిస్తే ఒళ్లు కదిలి వదిన లేస్తుందేమోనని ఏడుపు పంటి బిగువున ఆపుకుని అలాగే కూర్చుంది.