పడమటి గోడ మీద సీనరీ

నేను ఒక గోడ క్యాలెండరును. పైన ఒక రేకు పట్టీ, కింద ఒక రేకు పట్టీ, నడుమ నిలువెత్తు బొమ్మ, దాని అడుగున నెలకొకటి చొప్పున కాగితాలు, వాటి కింద ఒక బట్టల దుకాణం పేరు. అంతే నా ఆస్తి. మీ ఇంట్లోనూ నా చుట్టం ఒకడు వేలాడుతూనే ఉంటాడు. వాడి మొహం చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తు చేసుకోండి. తేదీ చూసి ఉంటారు, సెలవులు చూసి ఉంటారు. వాణ్ణి మాత్రం చూసి ఉండరు.

తమిళనాడులో ఎక్కడో అచ్చయ్యి, లారీలో కట్టలు కట్టలుగా పెద్దపల్లి చేరాను. నా బొమ్మ దేవుడు కాదు. నీలం రంగు నది, ఒడ్డున తెల్లటి ఇల్లు, ముందు గులాబీలు, వెనక మంచుకొండ. ఏ దేశమో నాకూ తెలియదు, అచ్చేసినవాడికీ తెలియదు. దుకాణంలో నాలాంటివాళ్లను ‘సీనరీ’ అనేవారు. కొత్త సంవత్సరం ముందు, బట్టలు కొన్నవాళ్లందరికీ గుమాస్తా ఒక్కో క్యాలెండరు చుట్టి ఇచ్చేవాడు. ఏది కావాలో కొన్నవాళ్లనే అడిగేవాడు.

ఆ కొద్ది రోజుల్లో మనుషుల గురించి నేను నేర్చుకున్నంత మీరు పుట్టి పెరిగీ నేర్చుకుని ఉండరు. లక్ష్మీదేవి బొమ్మ అడిగేవాళ్లంతా ముందు ఆమె చేతిలోంచి నాణేలు రాలుతున్నాయో లేదో చూసుకునేవారు. కొత్త కోడలిని వెంటబెట్టుకొచ్చిన అత్తలు ఏమీ మాట్లాడకుండా బాలకృష్ణుడి బొమ్మను ఆమె చేతిలో పెట్టేవారు. ఒక పంతులుగారు బొమ్మే వద్దన్నాడు, అంకెలు లావుగా ఉంటే చాలన్నాడు. పాలు రాని రోజులకు సున్నా చుట్టుకోవాలట. ఇంకొకాయన చేతిలో అప్పటికే బ్యాంకువాళ్లదీ బంగారం కొట్టువాళ్లదీ ఉన్నాయి. ఇదీ తీసుకుని మూడూ ఒకే మేకుకు తగిలిస్తానన్నాడు. పైది తప్ప తక్కిన రెండూ ఏడాదంతా చీకట్లో బతుకుతాయని ఆయనకు తట్టలేదు. ఊరికే వచ్చేదాన్ని మనిషి ఎలా ఎంచుకుంటాడో చూస్తే చాలు, వాడు దేనికి భయపడుతున్నాడో తెలిసిపోతుంది.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. దేవుడు లేని క్యాలెండరు ఎందుకని పక్కన పెట్టేవారు. చివరికి లస్మవ్వ వచ్చింది. మొగుడికి ఒక లుంగీ కొని, గుమాస్తా ఇచ్చిన లక్ష్మీదేవిని వెనక్కి ఇచ్చేసింది.

“గీ దేవుండ్లు వద్దు బిడ్డా. దేవుడు లేంది ఇయ్యి. పొడుగ్గున్నది ఇయ్యి.”

నేను ఉబ్బిపోయాను. ఇన్నాళ్లకు ఒక రసికురాలు దొరికిందనుకున్నాను.

గుట్టకిందపల్లెలో ఆమె ఇల్లు ఒకే గది. గుట్టను కంకర క్వారీ తవ్వుకు తింటోంది. మధ్యాహ్నం సైరన్ కూయగానే మందు పేలుస్తారు. ఊళ్లో గిన్నెలు గలగలమంటాయి, గోడలు చిట్లుతాయి. లస్మవ్వ ఇంటి పడమటి గోడ మీద దూలం నుంచి నడుము ఎత్తు దాకా ఒక పగులు దిగింది. చెయ్యి దూరేంత పగులు. రాత్రి పడుకుంటే కాళ్లు ఆ గోడవైపే ఉంటాయి. కాళ్లు చాపే వైపు దేవుణ్ణి తగిలించకూడదు కదా, అందుకని నేను. పొడుగ్గా ఉన్నాను, నావైపు కాళ్లు చాపినా పాపం లేదు. నా రసికురాలు నన్ను పగులుకు సరిగ్గా అడ్డంగా తగిలించి, వెనక్కి జరిగి చూసుకుని తృప్తిపడింది. నా గర్వం అక్కడికక్కడే దిగిపోయింది.

ఆమె మొగుడు ఓదెలు ఆ క్వారీ క్రషర్ దగ్గరే ఏళ్లకేళ్లు పని చేశాడు. రాతిపొడి రొమ్ములో పేరుకుపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మాట్లాడితే దగ్గు. మందులతో తగ్గేది కాదు, దుమ్ము లేని చోటికి పోతే ఇంకొన్నేళ్లు బతుకుతావని డాక్టరు చెప్పాడు. ఎక్కడికి పోతారు? ఉన్నది ఆ ఒక్క గది. అలాంటి సమయంలో, పగుళ్లిచ్చిన ఇళ్లవాళ్లందరికీ హైవే అవతల ప్రభుత్వం కొత్త ఇళ్లు ఇస్తుందని, చూసి రాసుకోవడానికి సార్లు వస్తారని తెలిసింది. ఆ ఇంట్లో నేను నవ్వులు విన్నది ఆ వారమే.

సర్వే రోజు ఓదెలుకు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉంది. పొద్దున్నే బయల్దేరుతూ నావైపు చెయ్యి చూపించాడు.

“సార్లొస్తే గోడ సూపెట్టు లస్మీ. మర్సిపోకు.”

“ఎట్ల మర్సిపోత? నువ్వు పైలంగ పోయిరా.”

ఆయన అటు వెళ్లగానే ఆమె ఇల్లు అలకడం మొదలుపెట్టింది. నాకు అప్పుడే ఏదో కీడు తోచింది. నా కింద నుంచి బయటికి కనబడుతున్న పగులు కొసకు మట్టి మెత్తి సున్నం పూసింది. నా మీది దుమ్ము తుడిచింది. పక్కింటి బుచ్చక్క దగ్గర స్టీలు కప్పూ సాసరూ అడిగి తెచ్చింది. ఆమెను ఏమని తప్పుపట్టను? పెద్ద సార్లు ఇంటికొస్తున్నారు. ఇంట్లోకి మనిషి వస్తున్నాడంటే దుప్పటి చిరిగిన వైపును లోపలికి మడవడం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు.

సారు వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, ఎండకు అలిసిపోయి ఉన్నాడు. చుట్టూ చూసి, “ఇల్లు బాగా పెట్టుకున్నవమ్మా” అన్నాడు. నన్ను చూసి, “సీనరీ బాగుంది” అని కూడా అన్నాడు. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే, ఆ మెప్పు ఎవరికి కావాలి? తరువాత అడిగాడు.

“పగుళ్లు ఏమన్న ఉన్నయా అమ్మా?”

“ఏమున్నయి సార్, గరీబోళ్ల ఇల్లు. ఏదో సన్నగ ఉన్నది. మీరు ముందుగాల చాయ్ తాగుండ్రి.”

మొదటిసారి అడిగినప్పుడు ఏమీ లేదనడం ఆమె ఎరిగిన మర్యాద. కడుపు కాలిపోతున్నా సరే, తిన్నావా అంటే తిన్నాననే అనాలి. అడిగినవాడు మళ్లీ అడుగుతాడు, గట్టిగా అడుగుతాడు, అప్పుడు విస్తరి ముందు కూర్చోవాలి. లస్మవ్వ ఆ రెండో అడగడం కోసం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సారు చాయ్ తాగాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఒక్క గాలి వీస్తే చాలు, నేను పక్కకు ఒరిగేవాణ్ణి. పాడు గాలి, ఆ రోజు ఆకు కూడా కదలలేదు. సారు కప్పు కింద పెట్టి, “పోయొస్త తల్లీ” అని లేచి పక్కింటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఓదెలు గడపలోనే ఆగాడు. “సూపెట్టినవా?”

“అడిగిండు. ఉన్నదని చెప్పిన.”

“సూపెట్టినవా అంటున్న.”

ఆమె బుచ్చక్కకు తిరిగివ్వాల్సిన కప్పును తుడవసాగింది. ఆయన నన్ను పక్కకు నెట్టి ఆ పగులులో అరచెయ్యి పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. “సరే తియ్యి, మల్ల అడుగుతరేమో” అని మంచం మీద కూర్చుని దగ్గసాగాడు.

కొన్నాళ్లకు పంచాయతీ ముందు మైకులో పేర్లు చదివారు. బుచ్చక్క పేరుంది. వెనకింటివాళ్ల పేరుంది. ఓదెలు పేరు లేదు. ఆయన ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఇల్లు మంచిగ ఉన్నట్టే రాశారు కదా అన్నారు. పగులు తరువాత వచ్చి ఉంటుందన్నారు. మళ్లీ సర్వే ఎప్పుడని అడిగితే, వస్తే చెబుతామన్నారు. నన్ను చుట్టుకుని తీసుకుపోయి ఆఫీసు బల్ల మీద పరిచినా ప్రయోజనం ఉండేది కాదు. నేను ఆ గోడకు అడ్డంగా ఉన్నానని ఎవరు నమ్ముతారు?

ఎండాకాలంలో ఊరు కదిలింది. బుచ్చక్క ట్రాక్టరు మీద సామాను ఎక్కించి, చివర్లో వచ్చి, “మా ఇంట్ల ఉండుండ్రి చెల్లె, దుమ్ముండదు” అంది. ఒక గదిలో ఇంటిల్లిపాదీ ఉండే కుటుంబం వాళ్లది. “ఎందుకక్కా, మాకేం తిప్పల్లేవు” అంది లస్మవ్వ. బుచ్చక్క కూడా రెండోసారి అడగలేదు.

ఊరు ఖాళీ అయ్యేసరికి క్వారీవాళ్లకు అడ్డు పోయింది. గుట్ట ఈవైపు కూడా తవ్వడం మొదలుపెట్టారు. నా నది, నా గులాబీలు, మంచుకొండ అన్నీ ఒకే బూడిద రంగుకు వచ్చాయి. లస్మవ్వ నెల నెలా కాగితం చించేటప్పుడు ఆ పొడి ఆమె మోచేతి దాకా అంటుకునేది. ఓదెలు పగలంతా కళ్లు నా మీదే పెట్టుకుని పడుకునేవాడు. ఆ తెల్లటి ఇంటిని ఆయన ఎందుకంతసేపు చూసేవాడో నాకు తెలుసు. నేను ఇచ్చేది ఏమీ లేదు. కాగితం మీది గాలి ఎవరి రొమ్ములోకీ పోదు.

వానలు తగ్గాక, ఒక మధ్యాహ్నం అన్నం పెట్టుకొచ్చేలోగా ఆయన ఊపిరి ఆగిపోయింది.

కబురు తెలిసి, కొత్త కాలనీ నుంచి జనం ఆటోల్లో వచ్చారు. లస్మవ్వ అప్పటిదాకా ఏడవలేదు. పదిమందీ గదిలో నిండేసరికి ఒక్కసారిగా లేచి, నన్ను పట్టి లాగింది. మేకు దగ్గరి దారం తెగి శవం కాళ్ల దగ్గర పడ్డాను.

“సూడుండ్రి! ఇగో, ఇది సూపెట్టలే నేను! అడిగిండు, నేను సూపెట్టలే! అందరు సూడుండ్రి!”

ఎవరూ గోడవైపు చూడలేదు. దుఃఖంలో మతి తప్పిందని ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని కూర్చోబెట్టారు. ఒకామె నీళ్లు తాగించింది. ఆమె ఇంకా గోడకేసి వేలు చూపిస్తూనే ఉంది.

బుచ్చక్క వంగి నన్ను తీసింది. కొంగుతో దుమ్ము దులిపింది. తెగిన దారానికి ముడివేసి, తిరిగి అదే మేకుకు తగిలించి, కింది పట్టీ వంకర లేకుండా సరిచేసింది.

“దూరం సుట్టాలు రావట్టిరి” అంది పక్కనున్నవాళ్లతో మెల్లగా. “గోడ గట్ల కనవడితె మంచిగుండది.”

లస్మవ్వ ఆ మాట విన్నది. వేలు దించింది. బయట ఇంకో ఆటో ఆగిన చప్పుడైతే, ఆమె కూడా కళ్లు తుడుచుకుని, వచ్చేవాళ్లు కూర్చోవడానికి చాప పరిచింది.