చుక్క గుర్రం సంతతి

నారిన్ లోయలోని పశువైద్య కళాశాల పాతవిద్యార్థులను ఏటా పిలుస్తూనే ఉంది. బెగయిమ్ ఏటా ఏదో వంక చెప్పి తప్పించుకునేది. ఈసారి స్నేహితురాలు నుర్జమాల్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

అక్కడ చదివే పేదవాళ్ల పిల్లలకు పాతవిద్యార్థులు పాడిగుర్రాన్నిస్తారు. దాని పాలు పులియబెట్టి, ఆ కుమిస్ పానీయం అమ్ముకుని చదువుకోవాలి. చదువయ్యాక గుర్రాన్నీ, దానికి పుట్టిన ఆడ గుర్రప్పిల్లనూ మందలో వదిలి వెళ్లాలి. నుదుట తెల్లచుక్క ఉన్న గుర్రమొకటి బెగయిమ్‌ను అలాగే డాక్టరును చేసింది.

"మా చుక్కదాన్ని ఏ విందుకి కోశారు తాతా?" అని బెగయిమ్ మందకాపరి సపర్బయ్‌ని అడిగింది.

"దాన్నెవరు కోస్తారే? ముసలిదై తనంతట తానే కన్నుమూసింది," అని ఆయన కొండవైపు ఈల వేశాడు.

ముందు దుమ్ము లేచింది. డెక్కల అదురు నేలలోంచి ఆమె పాదాల్లోకి పాకింది. ఎర్రవి, నల్లవి, బూడిదరంగువి దిగివస్తున్నాయి. ఏ నుదుట చూసినా అదే తెల్లచుక్క. అయిపోయాయనుకునేసరికి గట్టు మీద ఇంకో వరస తలలెత్తింది.

బెగయిమ్ గట్టు వైపు వేలు చూపింది. "ఇవన్నీ దానివేనా?"

"దానివీ, దాని పిల్లలవీ. ఒక్కోటీ ఒక్కో బిడ్డను చదివిస్తోంది," అన్నాడు సపర్బయ్. "నువ్వే ఇటు రావడం మానేశావు గానీ, అది నీ వంతు పని మానలేదమ్మా."