పై దీపం మీద ముసుగు

పెనం మీంచి చీజ్ రోల్స్ తీస్తూ తన తిండి కొట్టు వంటింటి కిటికీలోంచి రేవు వైపు చూసింది మెరియానా. దారి దీపాలు రెండింట్లో పైది లేదు.

కింది దీపం జెట్టీ చివర మామూలుగానే వెలుగుతోంది. దాని వెనక గుట్ట మీద ఉండాల్సిన పై దీపం చోట ఉత్త చీకటి. సముద్రం మీంచి వచ్చేవాళ్ళకి ఆ రెండూ ఒకదాని నెత్తిన ఒకటి నిలబడి కనిపిస్తే పడవ సరైన దారిలో ఉన్నట్టు. పక్కకి జరిగితే ఇసుక మేట మీదకి పోతున్నట్టు. ఒక్కటే కనిపిస్తే రెండూ లేనట్టే.

బయట ఆమె కూతురు ఉంది.

రోయిమాటా వాళ్ళ నాన్న పడవ ‘టోరోవా’ని నడుపుతున్న మొదటి చలికాలం ఇది. మెరియానా భర్త హేమీ జబ్బుతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పడవ అమ్మేద్దామని మెరియానా అంటే, నేను నడుపుతానని పిల్ల పట్టుబట్టింది. ఈ రోజు బ్లూ కాడ్ చేపల కోసం రకియురా దీవి దాకా పోయింది. చీకటి పడగానే వచ్చేస్తానంది. ప్రపంచం దక్షిణపు కొసన ఉన్న పావా కోవ్ ఊళ్ళో జూన్ అంటే నడి చలికాలం, ఐదున్నరకే చీకటి పడిపోతుంది.

మెరియానా పెనం కింద మంట ఆపి చేతి రేడియో అందుకుంది.

"టోరోవా, టోరోవా. వినపడుతోందా?"

"అమ్మా, నేనే పిలవబోతున్నా. పై దీపం ఏమైంది?"

"తెలీదు. చూస్తున్నా. నువ్వు రేవు మొగ బయటే ఉండు. లోపలికి రాకు."

"ఎంతసేపని? పాటు మొదలైంది, నీళ్ళు తగ్గుతున్నాయి. దక్షిణం గాలి లేచింది. ఇంకాసేపైతే మేట మీద అలలు విరుగుతాయి. అప్పుడు రమ్మన్నా రాలేను."

"నీ దారి చూపే పెట్టెలో మ్యాపుంది కదే!"

"అది మొన్నటి వరదకి ముందుదమ్మా. దాని ప్రకారం ఇప్పుడు మన జెట్టీ కూడా సముద్రంలోనే ఉంది."

"అయితే తెల్లారేదాకా బయటే ఉండు. రొట్టె ఉందిగా?"

రోయిమాటా గొంతు కాస్త తగ్గింది. "ఇంజను వేడెక్కుతోంది. నీకు చెప్పకూడదనుకున్నా. ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు."

మెరియానా కోటు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

వీధి వీధంతా చీకటి. అందులో వింతేం లేదు. కాసేపటి క్రితమే చేపల షెడ్డు దగ్గర గంట మోగింది. ఆ గంట మోగిందంటే దక్షిణాన ఆకాశంలో ధ్రువపు రంగుల వెలుగొచ్చిందని అర్థం. ముందు చూసినవాళ్ళు గంట కొడతారు, ఊళ్ళో వాళ్ళంతా ఇళ్ళల్లో దీపాలార్పి బయటికొస్తారు. రగ్గులు కప్పుకుని, ఫ్లాస్కులు పట్టుకుని, అటే తిరిగి నిలబడతారు. వీధి దీపాలకి కూడా ముసుగులు వేస్తారు. దారి దీపాలు రెండింటినీ మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది ఎవరూ రాసిపెట్టక్కర్లేని కట్టుబాటు. కానీ ఊరంతా దీపాలార్పుకున్న వేళ ఒక దీపం తక్కువైతే ఎవరు కనిపెడతారు? అందరూ ఆకాశం కేసి చూస్తుంటే?

పక్కింటి ముర్డో తన ట్రక్కు బానెట్ మీద కూర్చుని బీరు తాగుతున్నాడు. ఒడ్డున కూర్చుని కూడా పడవ మీద ఉన్నట్టే అరిచి మాట్లాడే మనిషి.

"చూశావా మెరీ! ఈసారి ఎరుపు కూడా..."

"పై దీపం ఆరిపోయింది. రోయి బయట ఉంది. బండి తియ్!"

"బయటేంటి? జెట్టీ బోర్డు మీద మీ నీలం బెండు మేకుకే ఉందిగా. నేనిందాక చూశా."

"ముర్డో, బండి తియ్!"

సీసా గడ్డిలో పడింది. ట్రక్కు గుట్ట దారి పట్టింది.

గుట్ట వెనకే టిపెనె మామయ్య ఇల్లు. మెరియానా తల్లికి తమ్ముడు. ఆ ఇంటి పెరటి మెట్లు ఎక్కితే నేరుగా దీపం దగ్గరికే పోవచ్చు. మెరియానా ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"మీ మామ ఎత్తడులే," అన్నాడు ముర్డో, గుంతల్లో స్టీరింగు తిప్పుతూ. "ఈ మధ్య పేకాటకే రావట్లేదు. ముసలాళ్ళ ఆటట! ఎనభై దాటాక పడుచువాడయ్యాడు."

"నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డే చూస్తున్నా. ఇది ఎవడి పనో కూడా చూస్తున్నా. ఆ ఫొటోల వాడు! నిన్న నీ కొట్లో ఏమడిగాడు?"

మెరియానాకి గుర్తొచ్చింది. జాస్పర్ అనే ముప్ఫయ్యేళ్ళ వాడు, క్రైస్ట్‌చర్చ్ నుంచి వ్యాన్‌లో వచ్చాడు. వేయించిన చేప తింటూ, గుట్ట మీది దీపం ఫొటోలకి అడ్డం, ఓ అరగంట ఆపించరాదా అన్నాడు. నీ కెమెరా ఆపుకో అంది ఆమె. పాపం మరీ చిన్నబోయాడని తర్వాత తనే చెప్పింది: వెలుగు చూడాలంటే చందమామ లేని రాత్రి, మబ్బు లేని రాత్రి చూసుకుని, గుట్టకి అవతలి బీచికి పో. వెనక ఊరు, ఎదర సముద్రం, మధ్యలో ఏ దీపమూ ఉండదు. ముందు కళ్ళకి బూడిద రంగు మబ్బులా ఉంటుంది, తొందరపడి వెళ్ళిపోకు, ఓపిక పట్టు.

చెప్పింది చెప్పినట్టు విన్నాడా, లేక గుట్టెక్కాడా?

ట్రక్కు ఆగింది. రేడియో తీసుకుని మెరియానా ముందు పరిగెత్తింది.

దీపం ఆరలేదు. వెలుగుతూనే ఉంది. చుట్టూ ఉన్న ఇనప చట్రం మీద ఎవరో మందపాటి గుడ్డ కప్పి, అడుగున గట్టిగా కట్టేశారు. అంచు దగ్గర సన్నటి పసుపు గీత కనిపిస్తోంది.

"కత్తి ఏది?" అని అరిచింది.

"వంటిల్లు నీది, కత్తి నన్నడుగుతావేంటి?" ముర్డో రెండు చేతులతో గుడ్డ లాగాడు. కదల్లేదు. మంచుకి నార బిగుసుకుపోయింది.

రేడియో గరగరలాడింది. "అమ్మా, అలలు మొదలయ్యాయి. నేను తిప్పుకుని వస్తున్నా. దీపం ఉంటే ఉంది, లేకపోతే లేదు."

"ఆగు! ఒక్క నిమిషం ఆగు!"

మెరియానా మోకాళ్ళ మీద కూర్చుని ముడి వెతికింది. వేళ్ళకి తగిలింది. హరకెకె ఆకు చీల్చి పేనిన నార. ఎడమకి రెండు చుట్లు, కొస లోపలికి మడిచి కిందకి దోపడం. ఆమె చూడలేదు, ఆలోచించలేదు. చేతులే ఆ ముడి పని పట్టాయి. కొసని పైకి తోసి ఒక్క గుంజు గుంజింది. మొత్తం ఊడిపోయింది.

దీపం ఒక్కసారిగా మొహం మీదకి దూకింది.

"పైకి చూడు రోయీ!"

"కనపడింది! కనపడింది, ఎడమకి ఉన్నాను. వస్తున్నా." ఇక రేడియోలో ఇంజను మోత, పిల్ల ఊపిరి తప్ప ఏం లేవు. తర్వాత, "ఒకదాని మీదొకటి నిలబడ్డాయమ్మా."

కింద మొగలో తెల్లటి నురగ రెండుసార్లు లేచింది. దాని మధ్యనుంచి పడవ ముక్కు మీది ఎరుపు దీపం, ఆకుపచ్చ దీపం ఊగుతూ లోపలికొచ్చాయి. ముర్డో టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. మెరియానా తన చేతిలో ఉన్న నార పోగుని చూసింది.

ఆ ముడి ఆమెకి తెలుసు. దీవుల మీద టీటీ పక్షుల వేటకి పోయినప్పుడు, మాంసాన్ని కొవ్వులో వేసి సముద్రపు నాచు సంచుల్లో నిలవ పెడతారు. సంచి మూతికి వేసే ముడి అది. చేతులు జిడ్డుగా ఉన్నా జారదు, కావాలంటే ఒక్క గుంజుతో వస్తుంది. ఒక్కో కుటుంబానిదీ ఒక్కో ముడి. ఎడమకి తిప్పేది తమ కుటుంబం ఒక్కటే. ఈ ఊళ్ళో ఆ ముడి వెయ్యడం తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకరు తను. ఒకరు ఇప్పుడే మొగ దాటి వచ్చారు.

నార జేబులో పెట్టుకుంది. ముర్డోకి చెప్పలేదు.

వాళ్ళు జెట్టీ మీదకి చేరేసరికి సంగతి పాకిపోయింది. వెలుగు చూస్తున్న వాళ్ళంతా అక్కడే ఉన్నారు. ముర్డో తిన్నగా పోయి జాస్పర్ కాలరు పట్టుకున్నాడు.

"ఫొటో బాగా వచ్చిందా? ఆ పిల్ల మునిగుంటే ఇంకా బాగా వచ్చేదా?"

"నేనేం చేశాను? అడిగానంతే! ఆంటీ తిట్టింది, ఆంటీయే చోటు చెప్పింది. అవతలి బీచిలోనే ఉన్నా ఇప్పటిదాకా." కెమెరా చూపించాడు. ఫొటోల నిండా అవతలి బీచి రాళ్ళు, వాటి మీద నిలువు కాంతి చారలు, పైన ఎరుపు. "అంత మంచి చోటు వదిలేసి దీపం ఉన్న గుట్ట ఎవడెక్కుతాడండీ?"

"వదిలెయ్ ముర్డో," అంది మెరియానా. "ఇతను కాదు."

"మరెవడు?"

రోయిమాటా తాడు కట్టేసి జెట్టీ మీదకి దూకింది. ఇద్దరూ ఒకర్నొకరు గట్టిగా పట్టుకున్నారు. పిల్ల ఒంటి నిండా డీజిలు వాసన, చేపల వాసన.

"ఇంజను మార్చాల్సిందే," అంది పిల్ల మొదటి మాటగా. "నన్ను తిట్టేది ఉంటే రేపు తిట్టు."

తర్వాత ఆమె పడవ లోంచి ఒక పసుపు రంగు బెండు తెచ్చి, చెక్క బోర్డు మీద కొత్త మేకుకి తగిలించింది. పడవ వేటకి పోతే బెండు పట్టుకెళ్ళడం, తిరిగొస్తే మేకుకి తగిలించడం. మేకుకి బెండు ఉందంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. పసుపు బెండు పక్కన, పాత మేకుకి, తెల్ల గీత ఉన్న నీలం బెండు వేలాడుతోంది. హేమీది.

"నీకు కొత్తది ఎప్పుడు చేసుకున్నావే?"

"పోయిన వారం. నాన్నది పట్టుకెళ్ళబుద్ధి కాలేదు." రోయిమాటా తల దించుకుంది. "తీసెయ్యడానికీ చేతులు రాలేదు. అక్కడే ఉండనీలే అనుకున్నా."

మెరియానా ఆ నీలం బెండుని చాలాసేపు చూసింది. ముర్డో అన్న మాట ఇప్పుడు చెవిలో మోగింది. ‘మీ నీలం బెండు మేకుకే ఉందిగా.’

"నాతో రా," అంది కూతురితో.

టిపెనె మామయ్య ఇంటి వెనక అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ అరుగుకి సరిగ్గా ఎదురుగా, దక్షిణాన, ఆకాశం నడిబొడ్డున గుట్ట మీది దీపం. నాలుగు వైపులా వెలిగే పాత దీపం. ఆయన ఒక అరచేతిని మొహానికి అడ్డం పెట్టుకుని దాన్ని మూసి, పక్కల్లోంచి చూడ్డానికి ప్రయత్నిస్తున్నాడు. ఆకాశంలో ఇంకా వెలుగు ఆడుతోంది.

అడుగుల చప్పుడుకి చెయ్యి దించాడు. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ మనుషుల్ని చూస్తూనే అడిగాడు.

"ఎవరది?"

మెరియానాకి అప్పుడు అర్థమైంది. పేకాట ఎందుకు మానేశాడో, టీ పోసుకునేటప్పుడు కప్పులోకి వేలెందుకు పెడుతున్నాడో.

"నేనే మామా. రోయి కూడా ఉంది."

ముసలాయన రెండు చేతులూ చాపాడు. పిల్ల కోటు చెయ్యి దొరికింది. అది తడిగా ఉంది. దాన్ని వదల్లేదు. మెరియానా జేబులోంచి నార తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన వేళ్ళతో తడిమాడు. అబద్ధం చెప్పడానికి ప్రయత్నించలేదు.

"నేనే కట్టాను," అన్నాడు. "ఇంకెవర్నీ అనకండి. కళ్ళల్లో శుక్లాలమ్మా. ఏడాది పైనే అయింది. పగలు పొగమంచులా ఉంటుంది, రాత్రి ఒక్క దీపం ఎదురుగా ఉంటే చాలు, అది పగిలి ఆకాశమంతా పరుచుకుంటుంది. ఇంకేం కనపడదు. మీకు చెప్పలేదు. ఈ మొగలో అందరికీ దారి చెప్పినవాణ్ణి, నాకు దారి కనపడట్లేదని ఏ నోటితో చెప్పను? మంగళవారం డనీడిన్‌లో ఆపరేషన్‌కి రమ్మన్నారు. అదీ చెప్పలేదు. భయమేసింది. బాగుపడితే సరే, ఉన్నదీ పోతే? పోయేలోపు ఒక్కసారి వెలుగు చూద్దామనుకున్నా. అవతలి బీచిదాకా నడవలేను, తీసుకెళ్ళమంటే మీకు తెలిసిపోతుంది. గంట మోగింది. ముందుగా జెట్టీకి పోయి బోర్డు తడిమి చూసుకున్నా తల్లీ, నాకు తెలిసిన మేకులన్నీ తడిమా. అన్ని బెండ్లూ ఉన్నాయి. హేమీ బెండు కూడా ఉంది, దాని గీత నా వేలికి తెలుసు. పిల్ల ఇంటికొచ్చేసిందనుకున్నా. అప్పుడే కట్టా. చూశాను మెరీ. ఎర్రటి తెరలా, దాని కింద తెల్లటి స్తంభాలు నడుస్తూ పోయాయి, చిన్నప్పుడు దీవి మీద చూసినట్టే. ఏడ్చాను కూడా. అంతలో దీపం మళ్ళీ వెలిగింది. ఆ ముడి ఒక్క గుంజుతో విప్పగలిగింది నువ్వేనని తెలుసు, కోపంగా వస్తావనుకున్నా. కానీ ఇంజను మోత వినపడింది. బయట నుంచి లోపలికొస్తున్న మోత. హేమీ పడవ మోత. అప్పటినుంచీ ఇక్కడే కూర్చున్నా. రేపు పొద్దున్నే చేపల షెడ్డు దగ్గర అందరి ముందూ ఇదే మాట చెబుతా, ముర్డో నన్ను తిట్టినంత తిట్టనీ. తర్వాత మంగళవారం మీరిద్దరూ నన్ను డనీడిన్ తీసుకెళ్ళండి. ఇక భయం లేదు, ఇంతకంటే పెద్ద భయం ఇందాకే చూశాను. తిరిగొచ్చాక రోయీ, ఒక సాయంత్రం నన్ను నీ పడవ ఎక్కించుకుని మొగ దాటించు. రెండు దీపాలూ ఎక్కడ కలుస్తున్నాయో నేను చూసి చెబుతాను, తప్పు చెబితే దింపెయ్."