డ్రమ్ములో పెత్తనం

సుంకమ్మ గోనెసంచిలో చెయ్యి పెట్టింది. విత్తనానికి దాచిన వేరుశనగ కాయలకు బదులు చేతినిండా పొట్టు వచ్చింది. కంబదూరు నేలలో వాన పడ్డాక పదును ఆరేలోపు విత్తకపోతే ఆ ఏడాది చేను బీడే.

ఇది ఎవరి పుణ్యమో ఆమెకు తెలుసు. మొగుడు రామదాసు పోయిన ఏడాదికే మరిది జయరాముడు ఇంటి మధ్య గోడ లేపాడు. పైకప్పు దాకా కాదు, మనిషెత్తులో ఆపాడు. తన వైపు సిమెంటు పోయించి, ఎలుక బొక్కల్లో గాజుపెంకులు కుక్కి పూడ్చాడు. ఎలుకలన్నీ ఇవతలికి తవ్వుకున్నాయి.

అడిగితే నవ్వాడు. “మాది సిమెంటు నేల వదినా. మన్ను యాడుంటే ఎలుక ఆడికే పోతాది. నన్నేం జేయమంటావ్?”

“నువ్వేం జేయొద్దులేప్పా,” అంది సుంకమ్మ.

బోనులో పడ్డ ఎలుకలను ఆమె చంపలేదు. ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తూ వచ్చింది. మరిదీ తోడికోడలూ సంతకు పోయిన రోజు, గోడ మీదుగా వాళ్ల విత్తనం మూటల మీద కుమ్మరించాలని.

డ్రమ్ములో మొదట ఒకటే కీచులాట. చెవి చిరిగిన పెద్దది ప్రతిదాన్నీ తరిమి నడుము మీద కొరికింది. ఆ తర్వాత గొడవ లేదు. అది కదిలితే మిగతావి పక్కకు తప్పుకునేవి. అది తిని మూతి తుడుచుకున్నాకే సుంకమ్మ వేసిన గింజల దగ్గరికి వచ్చేవి. అన్నీ దాని వెనకే ఒక మూల పడుకునేవి.

సుంకమ్మకు అది నచ్చలేదు. ఇంత కట్టుగా ఉంటే జయరాముడు ఒకే మూల చుట్టుముట్టి అన్నిటినీ కర్రతో కొట్టేస్తాడు. పెద్దదాన్ని బోనులోకి తీసి చూసింది. నిన్నటిదాకా నక్కి ఉన్న తోక తెగినది లేచి పక్కదాని మీద పడింది. పెత్తనం ఎవరిదో తేలక అన్నీ చెదిరిపోయి, అందినదల్లా కొరికాయి. పెద్దదాన్ని మళ్లీ డ్రమ్ములో వేసింది. రక్తాలు కారేలా కొట్టుకున్నాయి గాని ఒకటీ దానికి లొంగలేదు.

సుంకమ్మ కడుపు చల్లబడింది.

సంత రోజు పెద్దదాన్ని తిరిగి బోనులోకి తీసి ఉంచుకుని, నిచ్చెనెక్కి మిగతావాటిని అవతల కుమ్మరించింది.

కొన్నాళ్లకు జయరాముడు గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నిద్ర లేదు వదినా. ఒక్కోటి ఒక్కో మూటలో దూరిండాది. యాడని కొట్టేది?”

“వాటికి పెద్ద దిక్కు లేదప్పా, అందుకే చెదిరినాయి.” సుంకమ్మ బోను ఎత్తి చూపించింది. “ఇదిగో, ఇదే వాటి పెద్ద. దీన్ని వదిలితే అన్నీ దీని ఎనకాల ఒక మూల చేరతాయి. అప్పుడు కొట్టుకో.”

“నీకెట్ల తెలుసు?”

“ఎలుకల మధ్యనే గదా పెట్టినావు నన్ను.”

జయరాముడు తల గోక్కున్నాడు. “ఇయ్యి మరి.”

“ఊరికేనా? అవి ముట్టని మూట ఒకటి తెచ్చి ఈడ దింపు.”

మూట మోసుకొచ్చి దింపాడు. సుంకమ్మ నాలుగు కాయలు చిదిపి, పప్పు చూసి, అప్పుడు బోను అతని చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడా తగలకుండా తీసుకుపోయాడు.

ఆమె మూట విప్పి, గోడకు ఆనుకుని విత్తనం ఒలవడానికి కూర్చుంది. అవతల బోను తలుపు చప్పుడైంది. కాసేపటికి కీచులాట మొదలైంది, ఆపైన జయరాముడు పెండ్లాన్ని తిట్టే గొంతు, మూటల్లోని కాయలు జలజలా సిమెంటు నేల మీద రాలే శబ్దం. సుంకమ్మ తాపీగా ఒక్కో కాయా ఒలుస్తూ పోయింది.