మణెమ్మ చెయ్యి

కుడిమోకాలు చూడటం అయ్యాక మణెమ్మ చెయ్యి తిప్పి, వెనకవైపును ఎడమమోకాలికి ఆనించింది. తర్వాత చీలమండలు, మోచేతులు. మంచంలో కొడుకు గురవయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి పొద్దూ ఇదే. దెబ్బ తగలకపోయినా లోపల నెత్తురు ఊరి కీళ్లు వాచే జబ్బు అతనిది. మణెమ్మ తమ్ముళ్లిద్దరూ దానితోనే పోయారు. ఏ కీలైనా వేడిగా తగిలితే, పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి ఆ రోజు కొడుకును పంపదు.

"ఎడమ మోచెయ్యి వెచ్చగుంది నాయనా."

"నాకేం నొప్పి లేదుమా."

"వస్తాది."

పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం అది. మద్రాసు నుంచి పెద్ద డాక్టరు ఆ రోజే మార్కాపురం ఆసుపత్రికి వచ్చాడు. మణెమ్మ అక్కడే ఆయా. పదహారేళ్లు పుండ్ల గుడ్డలు ఉడకబెట్టి ఉతికి ఆమె వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. కొడుకును బండిలో తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది.

డాక్టరు మోకాళ్లకూ మోచేతులకూ టేపు చుట్టి కొలిచాడు. తొడ కండ ఎంత కరిగిందో తడిమి చూశాడు. కాళ్లు మడవమన్నాడు, చాపమన్నాడు. కుడికాలు సగమే చాపగలిగాడు. ఏ కీలు ఎప్పుడు వాచిందని అడిగితే గురవయ్యకు గుర్తు లేదు. గుమ్మం దగ్గర నిలబడి మణెమ్మ చెప్పింది.

"కుడిమోకాలు, వాడు పాకే ఏడు. చీలమండ, పెద్ద గాలివాన ఏడు. మళ్లా మోకాలే, వాళ్ల నాయన పోయినప్పుడు. పాడె వెంట నడుస్తానన్నాడు, నడిచినాడు."

డాక్టరు కలం ఆపి ఆమెను చూసి, మళ్లీ రాసుకున్నాడు.

"ఎడమ మోచెయ్యి ఒక్కటి బాగుంది" అన్నాడు చివరికి.

"లేదయ్యా. సాయంత్రానికి వాస్తాది."

"నీకెట్లా తెలుసు?"

"చెయ్యి పెట్టి చూసినా."

ఆయన నవ్వలేదు. గురవయ్యను సాయంత్రం దాకా ఉండమన్నాడు.

మణెమ్మ పనిలోకి పోయింది. ఎండ వాలేవేళకు గుడ్డలన్నీ పిండి తీగ మీద ఆరేసింది. గుండె పట్టేసినట్టుందని నర్సు ఎలీషబాతో చెప్పి, వరండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఎలీషబా మంచినీళ్లు తెచ్చేసరికి ఆమె తల పక్కకు వాలిపోయి ఉంది.

లోపల డాక్టరు గురవయ్య ఎడమ మోచేతికి మళ్లీ టేపు చుట్టాడు. అంగుళం పెరిగింది.

"మీ అమ్మ చెప్పిందే నిజమయ్యా. పిలువు ఆమెను."

గుమ్మంలో ఎలీషబా నిలబడి ఉంది. చేతిలో గ్లాసు నిండుగానే ఉంది. ఆమె మొహం చూసి గురవయ్య బల్ల పట్టుకుని కిందికి దిగాడు.

పొద్దు గుంకకముందే తల్లి శవం పక్కన కూర్చుని అదే బండిలో ఇంటికి చేరాడు. పొయ్యి పక్కన, మాపటికని ఇద్దరికీ ఆమె వండి పోయిన కొర్రన్నం మట్టిదాక అట్లాగే ఉంది, పిల్లి తోయకుండా మూత మీద పెట్టిన గుండ్రాయితో.