పదహారు మిల్లీమీటర్లు

మా షెడ్డులో ఏ కొలతైనా ఇద్దరు తీయాలి. ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. ఎవరి చీటీలో వాళ్లు రాసుకుని, మడిచి, బల్లమీది బిస్కెట్ల డబ్బాలో వేయాలి. తర్వాత ఇద్దరూ కలిసి మూత తీసి చూడాలి. ఈ పద్ధతి నాన్న పెట్టింది. ఎంతటివాడి కన్నయినా పొరబడుతుందని పెట్టాడాయన. నేను మాత్రం ఎవర్నీ నమ్మకూడదన్న కారణంతోనే దాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాను.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలు పొంగినా ఎవరు పొంగించారని అడిగే మనిషి అని మా ఆవిడ నా గురించి చుట్టాల ముందే చెబుతుంది. అందులో అబద్ధం లేదు కాబట్టి నేనూ కాదనను.

ఆ వారం కంకర తోలే ఆసామి తన బరువు పికప్పును తాడు కట్టి లాక్కొచ్చాడు. వెనక యాక్సిల్ గొట్టం చీలిపోయింది. అతుకు వేస్తే ఆగేది కాదు, పాతసామాన్ల యార్డులో దాని జోడు వెతికి మార్చాల్సిందే. చిక్కంతా వెడల్పుతోనే. ఇలాంటి బళ్ల యాక్సిళ్లు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, వెడల్పులు మాత్రం నాలుగైదు రకాలు. కొంచెం తక్కువైనా టైరు లోపలికి జరిగి, బండి బరువు మోసే కమాను పట్టీలను ఒరుసుకుంటుంది. బరువెక్కిందంటే ఇక టైరు దక్కదు.

కొలవాల్సింది చక్రం ఆనే ముఖం నుంచి అవతలి చక్రం ఆనే ముఖం దాకా. మధ్యలో పళ్లచక్రాల గుండు ఉబ్బెత్తుగా అడ్డొస్తుంది. అందుకని రెండు కొసలకూ చెరో ఇనుప కమ్మీ బిగించి, కమ్మీల మధ్య టేపు లాగుతాం. బండికి చక్రాలు విప్పి నేనూ తమ్ముడూ విడివిడిగా కొలిచాం. డబ్బా తెరిస్తే రెండు చీటీల్లోనూ 1735 మిల్లీమీటర్లు.

తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే. బస్సుల డిపోలో యాక్సిళ్ల పని చూసుకునే ఉద్యోగం ఇస్తామని వాడికి కబురొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఏ సంగతో చెప్పాలి. వాడు వెళ్లిపోతే నా కుడిచెయ్యి పోయినట్టే. ఆ మాట వాడితో ఏనాడూ అనలేదు. "ఈసారైనా మరిదిని ఒక్కణ్ణీ పంపండి. నమ్మకం ఉంటే ఎందుకు పోతాడు?" అంది మా ఆవిడ. సరేనని శుక్రవారం పొద్దున్నే యార్డుకు వాణ్ణి ఒక్కణ్ణీ పంపాను.

పదిగంటలకు ఫోన్ చేశాడు. "దొరికిందన్నయ్యా. అంకె చెప్పకూడదుగానీ, సరిగ్గా 1735."

పదకొండింటికి యాక్సిల్ వచ్చింది. తమ్ముడు దాన్ని దించి, తన చీటీ డబ్బాలో వేసి, "ఆయిల్ సీళ్లు తెస్తాను, వచ్చాక నువ్వు కూడా కొలుద్దువుగాని" అని బజారుకు వెళ్లాడు. వాడి బండి మలుపు తిరిగిందో లేదో నేను కమ్మీలు బిగించాను. టేపు లాగితే 1719. మళ్లీ లాగినా 1719. పదహారు తక్కువ.

అరికాలి మంట నెత్తికెక్కింది. చూస్తే కొసల మీద ఉండాల్సిన బ్రేకు డ్రమ్ములు కూడా లేవు. యార్డులో ఉన్న యాక్సిల్‌కు డ్రమ్ములు లేకుండా ఎలా ఉంటాయి? ఒకటి కొలిచి ఇంకొకటి ఎక్కించారా? డ్రమ్ములు ఎవరి చేతుల్లోకి పోయాయి? ఎలాగూ డిపోకు పోయేవాడు పోతూపోతూ నన్ను ముంచి పోతున్నాడా? ఒక్కసారి పురుగు దూరాక మనసు ఊరుకుంటుందా. చీటీ మీద నా అంకె వేసి, దాని కింద కోపంలో ఇంకో ముక్క కూడా గీకాను. దాన్ని డబ్బాలో వేయలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాను. వాడి చీటీ తెరవలేదు. అందులో ఉండేది ఫోన్‌లో చెప్పిన అబద్ధమే కదా అనుకున్నాను.

వాడొచ్చాడు. "కొలిచావా అన్నయ్యా?"

"తర్వాత చూద్దాం. నాకు పనుంది."

వాడి చూపు యాక్సిల్ కొసల మీద ఆగింది. కమ్మీ బిగించిన చోట తుప్పు రాలి ఇనుము మెరుస్తోంది. సీళ్ల పొట్లం బల్లమీద పెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి గుమ్మంలో మా ఆవిడకు విషయం చెప్పాను. "పిలిచి అడగొచ్చు కదండీ. మీ నోటి ముత్యాలేం రాలిపోవు" అంది. అడిగితే జాగ్రత్తపడతాడని చెప్పి యార్డుకు బయల్దేరాను.

యార్డు యజమానిని అందరూ తూకం అంటారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కాటా పక్కన కూర్చుని మేకులు ఏరుతున్నాడు.

"పొద్దున మా తమ్ముడు కొలిచింది ఏ యాక్సిల్?" అన్నాను.

"మీకు ఎక్కించిందే. అంత వెడల్పుది నా దగ్గర ఉన్నదే అది ఒక్కటి."

"డ్రమ్ములేవి?"

తూకం నా మొహం కేసి చూసి, గోడవైపు చెయ్యి చూపించాడు. రెండు డ్రమ్ములూ అక్కడే ఉన్నాయి. "లోపల అరిగిపోయాయి, ఇవి మా అన్నయ్య ముట్టుకోడు, మా బండివే వేసుకుంటాం అన్నాడు. తనే విప్పి ఇక్కడ పెట్టాడు. విప్పకముందు ఓసారి, విప్పాక ఓసారి కొలిచాడు. ఏం బాబూ, కొలత సరిపోలేదా?"

నేను వంగి డ్రమ్ము ముఖం మందం కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపి పదహారు.

చక్రం ఆనేది డ్రమ్ము మీద. బండి మీద మేము కొలిచింది డ్రమ్ములతో. ఇప్పుడు నేను ఒంటరిగా కొలిచింది అవి లేకుండా. పని నేర్చుకునే మొదటి వారంలోనే నాన్న చెప్పిన సంగతి ఇది. డ్రమ్ములు లేకపోవడం నా కళ్లకు కనబడింది, కానీ దాన్ని కొలతలో కలపకుండా తమ్ముడి మీద నేరంగా వేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వెంటనే షెడ్డుకు బయల్దేరాను.

షెడ్డుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. తమ్ముడు యాక్సిల్ ఎక్కించేశాడు. బండి పాత డ్రమ్ములే వేసి, చక్రాలు బిగించాడు. టైరుకూ కమాను పట్టీలకూ మధ్య ఎడం రెండు వైపులా సమంగా ఉంది. వాడు చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

"తూకం ఫోన్ చేశాడు" అన్నాడు.

"డిపోవాళ్లకు చెప్పేశావా?" అన్నాను.

"ఇంకా లేదు. ముందు డబ్బా తెరుద్దాం."

వాడే మూత తీసి తన చీటీ విప్పి నా ముందు పెట్టాడు. 'డ్రమ్ములతో 1735. లేకుండా 1719. అన్నయ్య కొలిచేముందు చెప్పాలి' అని ఉంది. పొద్దుటి నుంచీ ఆ చీటీ నాకు చేతి దూరంలోనే ఉంది.

"నీదేది?"

కొత్త కాగితం తీసుకుని అంకె రాసివ్వొచ్చు. వాడికి తెలిసేది కాదు. కానీ ఆ రోజుకు నేను చేసిన దొంగపని చాలనిపించింది. జేబులోంచి తీసి ఇచ్చాను. నా అంకె కింద 'ఎవరితో కుమ్మక్కు?' అని ఉంది.

వాడు చదివాడు. రెండోసారి చదవలేదు.

"తప్పయిపోయిందిరా" అన్నాను.

నా చీటీని ఉన్న మడతలోనే మడిచి, తన చీటీతో కలిపి డబ్బాలో వేసి మూతపెట్టాడు.

"అంకె సరిపోయిందన్నయ్యా" అని ఫోన్ తీసుకుని బయటకు నడిచాడు. ఒకటో తారీకు నుంచి వస్తానండీ అని వాడు డిపోవాళ్లతో చెప్పడం లోపలున్న నాకు వినిపించింది.