చిప్‌లో ఉన్న నంబరు

“కుక్కల మెడ మీద పెట్టె తిప్పడం కూడా ఓ ఉద్యోగమేనా?” అన్నాడు భర్త పొద్దున్నే. ఆమె అప్పుడు ఆయన చొక్కాకే బొత్తాం కుడుతోంది. “మానేస్తే నాకూ చేదోడువాదోడుగా ఉంటుంది,” అని అత్తగారు వంత పాడింది. ఆమె సరేనంది. పెళ్లయిన కొత్తలో ఇలాంటి మాటలకి వంటింట్లోకి పోయి ఏడ్చేది. ఆ తర్వాత కొన్నాళ్లు కోపం వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు. సూది వేలికి దిగితే, బొత్తాం మీద రక్తం చూశాక గానీ తెలియలేదు. ఆ బొత్తామూ కడిగి కుట్టింది.

పెంపుడు జంతువుల ఆసుపత్రిలో ఆమె పని, వాటి చర్మం కింద పెట్టిన చిప్‌లు ఇంకా పనిచేస్తున్నాయో లేదో స్కానర్ పెట్టె తిప్పి చూడడం. తప్పిపోయిన కుక్క ఇల్లు చేరేది వాటి పుణ్యానే. బియ్యపు గింజంత వస్తువు, పెట్టినచోట ఉండదు, లోపల్లోపలే జారుతుంది. మెడ దగ్గర పలకలేదని పోయిందనుకోకూడదు, కాళ్లదాకా వెతకాలి. పలికాక కంప్యూటర్లో కనబడే యజమాని నంబరుకి ఆసుపత్రి ఫోను నుంచి చేసి చూడాలి. చిప్ భేషుగ్గా ఉండి నంబరు చచ్చిపోయిన కుక్కలు బోలెడు.

మానేస్తున్నానని డాక్టరమ్మకి చెప్పేలోగా వెంట తెచ్చిన తమ ఇంటి కుక్కని బల్ల ఎక్కించింది. దాని తిండీ స్నానం తిప్పడం అన్నీ ఆమెవే. మెడ దగ్గర పలకలేదు. భుజం దగ్గరా లేదు. ముందుకాలి మడత దగ్గర పెట్టె కుయ్యిమంది. నంబరు భర్తది. అలవాటైన చెయ్యి దానంతటదే నొక్కేసింది.

“జంతువుల ఆసుపత్రి నుంచి, మీ కుక్క చిప్ పరీక్షిస్తున్నామండీ. ఈ నంబరు మీదేనా?”

“నాదేనండీ. చెప్పండి మేడమ్.”

ఆ గొంతులో ఇంత మర్యాద ఉందని ఇన్నేళ్లలో ఆమెకి తెలియదు. ఆమె గొంతు ఆయనకి అసలే తెలియలేదు.

“మంచి పని చేస్తున్నారండీ, ఎంత ఓపిక కావాలో! కుక్క సంగతులు మాత్రం మా ఆవిడనడగండి. మీ దగ్గరే పనిచేస్తుంది. రేపట్నుంచి రాదులెండి, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది.”

పొద్దున సూది దిగిన వేలు అప్పుడు సలిపింది. గట్టిగానే సలిపింది.

“లేదండీ. ఆవిడ మానట్లేదు.”

“అదేంటండీ, నాతో ఆ మాట అనలేదే!”

“ఇప్పుడు అంటున్నానండీ,” అంది ఆమె.